సోమవారం రీడింగులు

వైవా సోమవారం పెట్టారని తెలిసిన రోజు నుంచి తేజస్వి సరిగ్గా తినలేదు, పడుకోలేదు. ఇంకే రోజైనా పెట్టండి సార్ అని గైడు కిషన్ రావు సార్‌ను మూడుసార్లు బతిమాలింది. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు ఆ ఒక్కరోజే వీలవుతుందన్నారు ఆయన. "సోమారమైతే ఏందమ్మా, నీ వెలుగు సెలవు పెడతదా?" అని నవ్వారు కూడా. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ పిల్ల వెలుగు సోమవారం నాడు నిజంగానే సెలవు పెడుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నా పేరు కుమారస్వామి. హన్మకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ, పేరెందుకు లెండి, అందులో ఫిజిక్స్ లాబ్ అసిస్టెంటును. ఇరవై ఆరేళ్లయింది. తాళాలు, వైర్లు, పిల్లలు పగలగొట్టే గాజు సామాను, అన్నీ నా నెత్తిమీదే. నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువే. చెప్పిన మాట విననివాడి మీద కోపం రాకపోతే అది మనిషి కాదు, గోడ. కానీ తేజస్వి మీద ఆరేళ్లలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. కేసముద్రం పిల్ల. తండ్రి మహిపాల్ మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పనిచేస్తాడు. పొద్దున ఎనిమిదింటికి లాబ్ తలుపు తీసి, అందరూ పోయాక లైటు ఆర్పేది ఆ పిల్లే. నన్ను కాకా అంటుంది. నాకు ఆడపిల్లలు లేరు.

ఆమె పని చెప్పడానికి తేలికే, చేయడానికే ప్రాణం పోతుంది. వెంట్రుకంత సన్నటి గాజు దారం, పది కిలోమీటర్లు, ఒక చక్రానికి చుట్టి ఉంటుంది. ఈ కొస నుంచి చిన్న వెలుగు తునక వదిలితే ఆ కొసన బయటికొస్తుంది. గాలిలో సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు, గాజులో రెండు లక్షలకు పడిపోతుంది. అది ఎవరైనా చెప్తారు. తేజస్వి దాన్ని ఇంకా నిదానం చేయాలి. అందుకని ఎదురు కొస నుంచి ఇంకో లేజర్ వదులుతుంది, దాన్ని పంపు అంటారు. రెండూ దారంలో ఎదురుపడ్డప్పుడు, అన్నీ కుదిరితే, మొదటి వెలుగు కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది. వెలుగును ఆపి ఏం చేసుకుంటావు బిడ్డా అని ఒకసారి అడిగాను. "డోర్నకల్‌ల ఎక్స్‌ప్రెస్ పోయేదాక గూడ్సును లూప్ లైన్ల పెడతరు కద కాకా, గట్ల. ఒక మెసేజ్ పోయేదాక ఇంకో మెసేజ్‌ను ఆపాలె, అంతే," అంది. నాకు అప్పుడు అర్థమైంది.

ఆమెకు వచ్చిన ఆలస్యం నాలుగు నానోసెకన్లు. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో నాలుగు ముక్కలు. అంత బలహీనమైన పంపుతో అంత ఆలస్యం ఎవరికీ రాలేదట. థీసిస్ మొత్తం ఆ నాలుగు మీదే నిలబడింది. మొదటి నాలుగేళ్లు ఏమీ రాలేదు. ఐదో ఏడు జూన్‌లో ఒకరోజు ఉన్నట్టుండి వచ్చింది. ఆ రోజు డిపార్ట్‌మెంటంతా దూద్‌పేడాలు పంచింది. ఆ తర్వాత, ఎప్పుడో ఒకటీ అరా రోజు తప్పిపోయినా, దాదాపు రోజూ వచ్చింది, సోమవారం మాత్రం ఎప్పుడూ రాలేదు.

సోమవారం నాడు సున్న. ఏం చేసినా సున్న. తేజస్వి తల పట్టుకుంది. ఆదివారం మూసి ఉన్న వర్క్‌షాప్ మోటార్లన్నీ సోమవారం ఒకేసారి మొదలవుతాయి, కరెంటు ఎగుడుదిగుడవుతుంది, అదే కారణమని తేల్చారు కిషన్ రావు సార్. "సోమారం రీడింగులు తీసెయ్యి. థీసిస్‌ల ఒక లైను రాయి, సరిపోతది," అన్నారు. తీసేసింది. కానీ మనసు ఒప్పలేదు. ఆ రీడింగులు వేరే నోట్‌బుక్కులో దాచుకుంది.

ఇప్పుడు ఆమె రిజిస్ట్రేషన్ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఇవ్వరు. వైవాలో ఎగ్జామినర్ ముందర లాబ్‌లో చేసి చూపించాలి. చూపిస్తే డాక్టరేటు. లేకపోతే ఆరేళ్లు గంగపాలు.

ఆ సోమవారం నేను రోజూలా పదింటికి కాకుండా ఎనిమిదిన్నరకే పోయాను. నల్ల తెర పక్కకు జరిపితే తేజస్వి స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉంది. ఆలస్యాన్ని కొలిచే మిషన్ తెర మీద పచ్చటి అంకె. సున్న పాయింట్ సున్న.

"ఏమైంది బిడ్డా?"

"సున్న కాకా. మళ్ల సున్న."

"పంపు ఇప్పుడే ఆన్ చేసినవ్ కద. గంట పడతది అని నువ్వే అంటవ్."

"గంట కాదు, మధ్యాహ్నం దాక చూసినా గింతే. ఇయ్యాల సోమారం."

కళ్ల కింద నల్లటి చారలు. చీర కట్టుకోవాల్సిన పిల్ల ఇంకా పాత చుడీదార్‌లోనే ఉంది. గడియారం చూశాను. పదిన్నరకు సెమినార్ హాల్లో ఉపన్యాసం, పదకొండున్నరకు లాబ్‌లో ప్రదర్శన.

"వర్క్‌షాప్ మోటార్లు ఇయ్యాల బంద్ పెట్టించిన," అంది తేజస్వి. "వర్క్‌షాప్ ఇంచార్జి భానుచందర్ సార్ కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. ఒక్క మోటారు గూడ నడుస్తలేదు. అయినా సున్న. కరెంటు కాదు కాకా. కరెంటు కానే కాదు. మరి ఏంది? సోమారం నాడు ఈ గదిల ఏం మారుతది?"

"నాకేం ఎర్క బిడ్డా."

ఆమె లేచి నా ముందుకొచ్చింది. "నేను రోజూ ఒక్కతీరుగనే చేస్త. రాసి పెట్టుకున్న. నేను కాకుండ పొద్దుగాల ఈ గదిలకు రోజూ వచ్చేది నువ్వొక్కనివే. జర యాది చేసుకో. వచ్చి ఏం చేస్తవ్? మొదట ఏ స్విచ్ వేస్తవ్? సోమారం నాడు నువ్వేం చెయ్యవు?"

నాకు కోపం నషాళానికి అంటింది. ఆరేళ్లు ఆమె వెనకాల తిరిగి, చెప్పిన తీగ చెప్పిన చోట పెట్టి, చివరికి నన్నే అడుగుతుందా?

"సోమారం నాడు ఏం చెయ్యనా? తినను! ఒక్కపొద్దు ఉంట! ముప్పై ఏండ్ల సంది ఉంటాన! నా ఒక్కపొద్దుకు, నీ లేజర్‌కు ఏమన్న సంబంధం ఉంటె నువ్వే చెప్పు!"

తేజస్వి నా మొహంలోకి చూసి నవ్వింది. ఏడుపుకన్నా అధ్వానంగా ఉంది ఆ నవ్వు. "తప్పయింది కాకా. నాకు పిచ్చి లేస్తాంది," అని మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

మంచినీళ్లు తెస్తానని బయటికొచ్చాను. కోపం ఇంకా దిగలేదు. నా ఒక్కపొద్దుకు లేజర్‌కు సంబంధమట అని నాలో నేనే గొణుక్కుంటూ వరండాలో సగం దాకా పోయాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

ఎందుకు ఆగిపోయాయో చెప్పాలంటే ఒక సంగతి చెప్పాలి.

గాజు దారానికి వేడి తగిలితే అందులో వెలుగు నడక మారిపోతుంది. పంపు లేకపోయినా ఆలస్యమవుతుంది, కానీ అది వట్టి వేడి పని. ఆ భయంతోనే తేజస్వి గదికి ఏసీ పెట్టించింది. దారం చుట్టను థర్మాకోల్ పెట్టెలో దాచింది. ఆ పెట్టె నేనే తెచ్చాను, చేపల మార్కెట్ నుంచి. సర్ఫు నీళ్లతో మూడుసార్లు కడిగాను. దాని మీద ఎర్ర స్కెచ్‌తో 'ఎవరూ తెరవద్దు' అని రాసి అంటించి, టేబుల్ కింద గోడ పక్కకు పెట్టింది. గది వేడి పూటపూటకూ రాసుకునేది. పెట్టె లోపలికి వేడి ఎక్కడి నుంచి వస్తుంది, అది మూసే ఉంటుంది కదా అనుకుంది.

రెండేళ్ల కింద నాకు కడుపులో పుండు పడి దవాఖానలో పది రోజులున్నాను. చల్లటి అన్నం ముట్టొద్దన్నాడు డాక్టరు. మా లాబ్ ఏసీలో టిఫిన్ డబ్బా పెడితే మధ్యాహ్నానికి అన్నం రాళ్లలా అయ్యేది. ఒకరోజు ఆ థర్మాకోల్ పెట్టె కనిపించింది. మూత తీస్తే దారం చుట్ట పక్కన నా డబ్బాకు సరిపోయేంత ఖాళీ ఉంది. పది గంటలకు పెట్టి ఒంటిగంటకు తీస్తే పప్పు పొగలు కక్కుతూ ఉండేది. తేజస్వి తెర అవతల మిషన్ ముందు ఉన్నప్పుడు పెట్టేవాణ్ని, క్యాంటీన్‌కు పోయినప్పుడు తీసేవాణ్ని. 'ఎవరూ తెరవద్దు' అంటే పిల్లలు తెరవొద్దని. పెట్టె తెచ్చిన నేను ఆ 'ఎవరూ'లోకి వస్తానా? అట్లా అనుకున్నాను. దవాఖాన నుంచి వచ్చి మళ్లీ డ్యూటీలో చేరింది జూన్ మొదటివారం. పేడాలు పంచింది జూన్ రెండోవారం.

సోమవారం నాకు డబ్బా లేదు.

వరండా గోడ పట్టుకుని నిలబడ్డాను. పంపు లేని రీడింగు ఆమె పొద్దున ఎనిమిదింటికి, పెట్టె చల్లగా ఉన్నప్పుడు తీస్తుంది. పంపు రీడింగు పదకొండు, పన్నెండింటికి, నా డబ్బా వేడి దారానికి పట్టాక తీస్తుంది. మధ్యాహ్నం నుంచి మిషన్ వేరే పిల్లలది, మళ్లీ సరిచూసుకునే వీలు లేదు. ఆ నాలుగు నానోసెకన్లు పంపువి కావు. మా ఇంటామె వినోద వండిన అన్నానివి.

లోపలికి పోయి చెప్పాలి. అడుగు పడలేదు. ఏమని చెప్పాలి? నీ ఆరేళ్లు నేను తిన్నాను బిడ్డా అనా? ఎగ్జామినర్ కారు స్టేషన్ నుంచి బయల్దేరింది. గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది. చెప్తే ఆ పిల్ల ఇవాళే, ఈ గంటలోనే కూలిపోతుంది. చెప్పకపోతే సున్న చూపించి కూలిపోతుంది. మూడో దారి ఒకటి ఉంది. అది గుర్తొచ్చాక నేనింకేమీ ఆలోచించలేదు. బండి తీశాను.

సుబేదారిలో మా ఇల్లు. వినోద కూరగాయలు తరుగుతోంది.

"డబ్బా కట్టు. అన్నం, పప్పు. పొగలు రావాలె."

"ఇయ్యాల సోమారం," అంది నా పెళ్లాం.

"నాకెర్క."

"ఒక్కపొద్దు నాడు డబ్బా ఏందయ్యా? పాణం మంచిగ లేదా? మళ్ల కడుపుల నొస్తాందా?"

"కట్టుమంటె కట్టు! అడిగిన దానికల్ల జవాబు చెప్తె పొద్దు పోతది!" అని అరిచాను. ఆమె బిత్తరపోయి కుక్కర్ పెట్టింది. ఆ పది నిమిషాలు వంటింటి గుమ్మంలో నిలబడి కుక్కర్ కూతలు లెక్కపెట్టాను. ముప్పై ఏళ్లలో వినోద మీద అరిచిన రోజులు చాలా ఉన్నాయి, కానీ ఆ రోజు అరిచింది భయంతో.

పది దాటి ఐదు నిమిషాలకు లాబ్‌లో ఉన్నాను. తేజస్వి పక్కగదిలో చీర కట్టుకుంటోంది. టేబుల్ కిందికి వంగి పెట్టె మూత తీసి డబ్బా లోపల పెట్టాను. చేతులు కాలాయి. మూత పెట్టి, టేపు అద్ది, లేచి నిలబడి తలుపు వైపు రెండుసార్లు చూశాను. దొంగతనం ఎన్నడూ చేయలేదు. చేస్తే ఇట్లాగే ఉంటుందేమో.

పదిన్నరకు కొద్దిగా ముందు తేజస్వి చీరలో వచ్చి, పోయే ముందు ఒకసారి మిషన్ వైపు చూసి, చూసినచోటే ఆగిపోయింది.

"కాకా! కాకా, వస్తాంది! జీరో పాయింట్ ఎనిమిది! చూడు, ఎక్కుతాంది! రోజూ గిట్లనే మెల్లగ ఎక్కుతది!" నా రెండు చేతులూ పట్టుకుంది. "మోటార్లే కాకా! మోటార్లు బంద్ పెట్టిస్తెనే వచ్చింది! నేనేమో నిన్ను తిప్పలు పెట్టిన. మనసుల పెట్టుకోకు."

ఆ సంతోషం చూసి నేను ఏడ్వాల్సింది. నవ్వాను. "పో బిడ్డా, లేటైతాంది," అన్నాను.

సెమినార్ హాల్లో నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎగ్జామినర్ పేరు కమల మేడమ్, చెన్నైలో ప్రొఫెసర్, పుట్టింది ఖమ్మం జిల్లా. అరవైకి దగ్గర. చిన్న మనిషి, మెత్తగా మాట్లాడుతుంది, అడిగే ప్రశ్న మాత్రం సూటిగా ఉంటుంది. తేజస్వి తడబడకుండా జవాబులు చెప్పింది. ఒకచోట మేడమ్ థీసిస్‌లో పేజీ తిప్పి, "సోమవారాలు తీసేశారే?" అని అడిగింది. కిషన్ రావు సార్ అందుకుని మోటార్ల కథ చెప్పారు. "చిత్రంగా ఉంది," అని మేడమ్ పెన్సిల్‌తో ఏదో గుర్తు పెట్టుకుంది.

పదకొండున్నరకు నలుగురం లాబ్‌లోకి వచ్చాం. లైట్లు తగ్గించడం నా పని. స్విచ్చుల దగ్గర నిలబడ్డాను. తెర మీద నాలుగు పాయింట్ ఒకటి.

"ఇది పంపుతో వచ్చిన ఆలస్యం మేడమ్," అంది తేజస్వి. "పొద్దున పంపు లేకుండా తీసిన రీడింగుతో పోల్చి చూపిస్తున్న అంకె ఇది."

కిషన్ రావు సార్ మొహం వెలిగిపోయింది. మేడమ్ అంకె దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "బాగుంది. ఇప్పుడు పంపు ఆపమ్మా."

"మేడమ్, ఆపితే మళ్లీ స్థిరపడటానికి గంట పడుతుంది..."

"మళ్లీ వేయొద్దులే. ఆపితే అంకె సున్నకు రావాలి కదా. అది చూసి సంతకం పెట్టేస్తాను."

ఆపితే ఏమవుతుందో నాకు ఆ క్షణంలో తట్టింది. మూడో దారి మూడో దారి అని పరిగెత్తిన వాడికి అంతదాకా తట్టలేదు. నోరు తెరిచాను. అప్పటికే తేజస్వి పంపు తాళంచెవి తిప్పింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

నాలుగు పాయింట్ ఒకటి.

ఏసీ చప్పుడు ఒక్కటే. అంకె కదిలింది. నాలుగు పాయింట్ రెండు.

"మిషన్ హ్యాంగ్ అయింది," అన్నారు కిషన్ రావు సార్. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమ్మా."

తేజస్వి చేసింది. మళ్లీ అదే అంకె. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. కళ్లు మిషన్ మీద నుంచి తీగల మీదికి, తీగల మీద నుంచి టేబుల్ కిందికి పోయాయి. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నేల మీద మోకాళ్లు వేసింది. టేపు ఊడదీసింది. మూత తీసింది. పప్పు వాసన గదంతా నిండింది.

డబ్బా బయటికి తీసి టేబుల్ మీద పెట్టింది. ఉఫ్ అని వేళ్లు ఊదుకుంది.

"ఎవని పని ఇది?" కిషన్ రావు సార్ అరుపుకు కిటికీ అద్దాలు అదిరాయి. "కుమారస్వామీ! నీదేనా? నీకు బుద్ధుందా? లాబ్ అనుకున్నవా, హోటల్ అనుకున్నవా? సస్పెండ్ చేస్త నిన్ను!"

"నాదే సార్," అన్నాను.

ఆయన మేడమ్ వైపు తిరిగారు. గొంతు వెంటనే మెత్తబడింది. "చూశారు కదా మేడమ్. ఇవాళ అటెండరు చేసిన తెలివితక్కువ పని. వేడి తగిలి ఇవాళ్టి రీడింగు పాడైంది. దానికి అమ్మాయి ఏం చేస్తుంది? మిగతా రోజుల రీడింగులు మూడు వందలకు పైగా ఉన్నాయి. పేపరు కూడా అచ్చయింది."

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నిజమే. లాబ్‌లలో ఇటువంటివి జరుగుతుంటాయి. మా దగ్గర ఒకసారి పిల్లి దూరింది." సంచిలో నుంచి కాగితం తీసింది, పెన్ను టోపీ తీసింది. "ఒక్కరోజు ప్రమాదానికి ఆరేళ్ల పనిని ఆపడం న్యాయం కాదు. ప్రదర్శన మళ్లీ చేసి, వీడియో తీసి పంపించండి. నేను సిఫారసు చేస్తాను."

తప్పించుకున్నాం. నేను సస్పెండయితే కానీయ్. ఆ పిల్ల డాక్టరు అవుతుంది. నోరు మూసుకుని నిలబడితే చాలు. దేవుడే దారి చూపించాడని దండం పెట్టుకోబోయాను.

తేజస్వి నా వైపు చూస్తోంది.

"కాకా," అంది నెమ్మదిగా. "ఇయ్యాల నీకు ఒక్కపొద్దు కద."

నా చూపు టేబుల్ మీది డబ్బా మీదికి పోయింది.

"తినని రోజు డబ్బా ఎందుకు తెచ్చినవ్?"

"అవన్నీ తర్వాత మాట్లాడొచ్చమ్మా," అన్నారు కిషన్ రావు సార్. "మేడమ్ సంతకం పెడుతున్నరు."

పెన్ను కాగితం మీద ఆనింది. తేజస్వి ఆ పెన్ను వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. ఆమెకు సగం తెలిసిపోయిందని ఆ కళ్లే చెప్తున్నాయి. మిగతా సగం నా నోట్లో ఉంది. ఇవాళే బిడ్డా, ఊకెనే తెచ్చిన అంటే అయిపోతుంది. నమ్ముతుంది, లేదా నమ్మినట్టు ఉంటుంది. ఆ తర్వాత బతికినంతకాలం ఆ నాలుగు నానోసెకన్లను నలుగురి ముందర చెప్పుకుంటుంది. వేరే ఊళ్లో వేరే పిల్ల ఎవరో ఆ అంకె నమ్మి తన ఆరేళ్లు పోసి, సున్న చూసుకుని ఏడుస్తుంది.

"సార్, జర ఆగండి," అన్నాను. "మేడమ్, పెట్టకండి. సంతకం పెట్టకండి."

"కుమారస్వామీ, నువ్వు బయటికి నడువు!"

"నడుస్త సార్, చెప్పినంక నడుస్త!" నా గొంతు కూడా లేచింది. ఇరవై ఆరేళ్లలో సార్ మీద గొంతు లేపడం అదే మొదలు. తేజస్వి వైపు తిరిగేసరికి ఆ గొంతు నాకే వినపడకుండా పోయింది. "రోజూ పెడత బిడ్డా. రెండేండ్ల సంది పెడతాన. సోమారం ఒక్కటే పెట్టను. ఇయ్యాల నీకు సున్న వస్తె పాణం పట్టక, పోయి కట్టించుకొచ్చిన."

మేడమ్ పెన్ను టోపీ పెట్టేసింది. కిషన్ రావు సార్ తలుపు దడాలున వేసి వరండాలోకి పోయారు.

తేజస్వి ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. కొత్త చీర, టేబుల్ కింద దుమ్ము. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. దగ్గరికి పోయి వంగితే చెయ్యి విసిరికొట్టింది.

"ముట్టకు! ఆరేండ్లు కాకా! ఆరేండ్లు! మా బాపు ఊర్లె అందరికి చెప్పుకున్నడు! తెరవద్దు అని రాసిన కద! నీకు చదువు రాదా? చదువు రాదా నీకు?"

వచ్చు బిడ్డా అన్నాను. ఇంకేమంటాను? ఎంత తిడితే అంత మంచిదనుకున్నాను. ఆమె నా భుజం మీద రెండుసార్లు పిడికిలితో కొట్టింది. తర్వాత కొట్టడం ఆపేసి ఏడ్చింది. కమల మేడమ్ స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. కదలలేదు, గడియారం చూసుకోలేదు.

ఎంతసేపో తెలియదు. తేజస్వి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. బీరువాలో నుంచి దాచుకున్న సోమవారాల నోట్‌బుక్కు తీసింది. మేడమ్ ముందు పెట్టింది. "నా దగ్గర నిజమైనవి ఇవే మేడమ్. తొంభై ఒకటి ఉన్నయి. అన్నీ సున్నకు దగ్గరలనే ఉన్నయి."

మేడమ్ ఒక్కొక్క పేజీ తిప్పింది. "సున్నకు దగ్గర అంటే సున్నేనా, కొద్దిగా ఏమైనా ఉందా?" అని అడిగింది.

"తెల్వదు మేడమ్. పనికిరానివి అనుకుని లెక్క కట్టలేదు."

"లెక్క కట్టు. గడువు సంగతి నేను మీ యూనివర్సిటీకి రాస్తాను. ఇస్తారని మాట ఇవ్వలేను."

తేజస్వి తల ఊపింది. ఇంకో నోట్‌బుక్కు తీసి కొత్త పేజీ తెరిచింది. పైన తారీకు వేసింది. నా మొహంలోకి చూడకుండా, కాగితం వైపే చూస్తూ అడిగింది.

"చెప్పు కాకా. ఎన్ని గంటలకు పెడతవ్?"

"పది. ఒక్కొక్కసారి పదింబావు."

"డబ్బా దారానికి ఆనుతదా?"

"ఆనుతది. కుడిదిక్కు."

"లోపల ఏముంటది? రోజూ పప్పేనా?"

"బుధారం, శనారం పప్పుచారు. అది ఎక్కువసేపు వేడి ఉంటది."

పేజీ మీద నీటిచుక్క పడి సిరా అలుక్కుపోయింది. వేలితో తుడిచి మళ్లీ రాసింది.

"సెలవు పెట్టిన రోజులు యాదికున్నయా? పండుగలు, పెండ్లిళ్లు? డబ్బా లేని రోజులు గూడ పనికొస్తయి."

"ఉన్నయి బిడ్డా," అన్నాను. నిలబడలేక గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. మా చిన్నాయన దినాలకు పోయిన మూడు రోజులు చెప్పాను. వినోదకు జ్వరమొచ్చి చల్లటి అటుకులు తెచ్చుకున్న వారం చెప్పాను. మూత సరిగ్గా పెట్టకుండా మర్చిపోయిన రోజు చెప్పాను. ఆమె అడిగింది అడిగినట్టు రాసుకుంది. నేను ఒక్కటి కూడా దాచలేదు.